సన్‌షేడ్ కింద కొండతేనెటీగల పట్టు: తీయించాలా, పెట్టెలో పెట్టుకోవచ్చా, అసలెందుకు వచ్చాయి?

మీరు అడిగినవి మూడు. ఆరో అంతస్తు సన్‌షేడ్ కింద మూడడుగుల వెడల్పు తేనెపట్టు వేలాడుతోంది, అసోసియేషన్ వాళ్లు పెస్ట్ కంట్రోల్‌ని పిలుస్తామంటున్నారు, ఒప్పుకోవాలా వద్దా అన్నది మొదటిది. చంపకుండా వాటిని పెట్టెలోకి మార్చి టెర్రస్ మీద పెంచుకోవచ్చా అన్నది రెండోది. అడవిలో ఉండాల్సిన ఈగలు హైదరాబాద్ మధ్యలోకి ఎందుకొచ్చాయన్నది మూడోది. మొదటి రెండింటికీ జవాబు ఒక్క ముక్కలో చెప్పొచ్చు: వద్దు, కుదరదు. మూడోది తెలిస్తేనే ఆ రెండూ ఎందుకలా అన్నానో అర్థమవుతుంది కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి. రైతులకు తేనెటీగల పెంపకంలో శిక్షణ ఇవ్వడం నా ఉద్యోగం. నల్లమల అంచు గూడేల్లో తేనె తీసేవాళ్లతో కూడా చాలాకాలం తిరిగాను. ఆ రెండు అనుభవాలూ కలిపి చెబుతున్నాను.

ముందు మీ ఫొటోలో ఉన్నదెవరో చూద్దాం. అది కొండతేనెటీగ, శాస్త్రవేత్తలు ఏపిస్ డోర్సాటా అంటారు. ఫాబ్రీషియస్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త 1793లో పెట్టిన పేరది. ఈగ ఒక్కోటి దాదాపు రెండు సెంటీమీటర్ల పొడవు, పొట్ట మొదట్లో పసుపు, చివర నలుపు చారలు, రెక్కలు పొగరంగు. పట్టు ఎప్పుడూ ఒక్కటే తుట్టె, అంటే మైనం గదుల పలక. కప్పు, గోడ, తొర్ర ఏవీ ఉండవు, గాలిలో అలా వేలాడుతుంది. మీకు పైకి కనిపిస్తున్నది తుట్టె కాదు, తుట్టెను కప్పుకుని ఉన్న ఈగల తెర. కూలి ఈగల్లో ఎక్కువ భాగం ఒకదాన్ని ఒకటి పట్టుకుని పొరలు పొరలుగా తుట్టె మీద వేలాడుతూ ఉంటాయి. ఎండ, వాన, గాలి, చలి అన్నీ ఆ తెరే కాస్తుంది. లోపల పిల్లలు పెరిగే గదుల దగ్గర మన ఒంటి వేడికి దగ్గరగా ఉండే ఉష్ణోగ్రతను ఆ ఈగలే నిలబెడతాయి. ఒక పెద్ద పట్టులో యాభై అరవై వేల ఈగలుంటాయి, ఇంకా ఎక్కువ ఉన్నవీ ఉన్నాయి.

దీన్ని మిగతావాటితో కలిపేయకండి. మన ఊళ్లలో సహజంగా ఉండే తేనెటీగలు ముఖ్యంగా నాలుగు రకాలు. చెట్టు తొర్రలో, పాత పుట్టలో, బావి గోడ కన్నంలో, చీకట్లో ఒకదాని పక్కన ఒకటిగా చాలా తుట్టెలు పెట్టేది పుట్టతేనెటీగ, అంటే ఏపిస్ సెరానా ఇండికా. కంచెల్లో, పొదల్లో సన్నటి కొమ్మను చుట్టి అరచేతి వెడల్పు తుట్టె పెట్టేది చిన్నతేనెటీగ, ఏపిస్ ఫ్లోరియా. గోడ సందులో మైనం గొట్టంలాంటి వాకిలి కట్టుకుని ఉండే చీమంత ఈగ కుట్టదు, టెట్రగొనులా దాని పేరు. నాలుగోది మీ ఇంటికొచ్చినది. తోటల్లో చెక్కపెట్టెల్లో కనిపించే ఇటాలియన్ ఈగ వీటిలో లేదు, అది 1960ల్లో ఉత్తరాదిన స్థిరపడి తర్వాత అంతటా పాకిన విదేశీ జాతి. నేపాల్‌లో తాళ్ల నిచ్చెనల మీద వేలాడుతూ తేనె తీసే వీడియోలు చూసి "ఇవి మత్తు తేనె ఈగలా" అని ఒకరు కింద కామెంట్లలో అడిగారు. కాదు. హిమాలయాల ఎత్తుల్లో ఉండేది దీని దగ్గరి బంధువు, ఏపిస్ లేబొరియోసా. అక్కడి మత్తు అక్కడి రోడోడెండ్రాన్ పూల వల్ల వస్తుంది.

ఇప్పుడు పెట్టె సంగతి. పెట్టె అంటే చీకటి గది. పుట్టతేనెటీగకు చీకటి గది కావాలి, అందుకే దాన్ని పెంచగలుగుతున్నాం. తిరుచ్చి ప్రాంతంలో న్యూటన్ అనే మిషనరీ 1910ల్లో చేసిన చిన్న పెట్టె ఆ ఈగ కొలతలకు చేసిందే. కొండతేనెటీగకు చీకటి పనికిరాదు. అది ఆకాశం కనిపించేచోట, వెలుతురు పడే తుట్టె మీద నాట్యం చేసి తోటి ఈగలకు పూల జాడ చెబుతుంది. తుట్టె అడుగున ఒక మూల ఈగలు కాస్త పలచగా, హడావిడిగా తిరుగుతుండటం మీరు గమనించే ఉంటారు. వచ్చేవీ పోయేవీ అక్కడే వాలతాయి, నాట్యం అక్కడే. పెట్టెలో పెడితే ఉండవు, లేచిపోతాయి. అడుగు, అడుగున్నర పొడవు ఫ్రేములో వీటి తుట్టె పట్టదు కూడా. ఎవరైనా "మేం కొండతేనెటీగల్ని బాక్సులో సెట్ చేస్తాం" అని డబ్బులడిగితే ఇవ్వకండి. ప్రపంచంలో దీన్ని "పెంపకం" అనగలిగిన పద్ధతులు కొన్నే ఉన్నాయి. వియత్నాం దక్షిణాన ఊ మిన్ చిత్తడి అడవుల్లో చెట్ల మధ్య ఏటవాలుగా దూలాలు కట్టి వదిలేస్తారు, వలస వచ్చిన గుంపులు వాటి కింద పట్టు పెడతాయి, మనుషులు తేనె భాగం మాత్రం కోసుకుంటారు. ఇండోనేషియాలోని కాలిమంతాన్‌లోనూ ఇలాంటి పలకల పద్ధతి ఉంది. అంటే ఈగను మన గదిలోకి తెచ్చుకోవడం కాదు, దానికి నచ్చే కొమ్మను మనం చేసిపెట్టడం.

మూడో ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. దానికి నచ్చే చోటు ఎలా ఉంటుంది?

ఎత్తు ఉండాలి. కింద నుంచి ఎలుగుబంటి, చీమ, మనిషి సులువుగా అందుకోకూడదు. పైన కప్పులా ముందుకు పొడుచుకొచ్చిన భాగం ఉండాలి, వాన నేరుగా పడకూడదు. తుట్టె అంటుకునే తలం అడుగువైపు ఉండాలి, గట్టిగా ఉండాలి. తేనెతో నిండిన తుట్టె ఎన్నో కిలోల బరువు, పెచ్చులూడే బెరడుకు అతికిస్తే నిలవదు. ముందువైపు ఖాళీగా ఉండాలి, ఎగరడానికి అడ్డం ఉండకూడదు. ఎండాకాలంలో తుట్టెను చల్లబరచడానికి నీళ్లు దగ్గర్లో దొరకాలి. ఈ లెక్కలన్నీ సహజంగా కుదిరేది కొండ చరియల్లో, గుహల నోళ్ల దగ్గర, బాగా ఎత్తయిన బూరుగ, మద్ది, మర్రి లాంటి చెట్ల లావుపాటి అడ్డకొమ్మల కింద. అజంతా గుహల దగ్గరా, జబల్‌పూర్ పక్కన భేడాఘాట్ పాలరాతి కొండల మీదా వేలాడే నల్లటి అర్ధచంద్రాలు ఇవే. మన నల్లమలలో లోయల అంచున నిలువునా దిగే రాతి చరియలు ఉన్నాయి కదా, అక్కడ వరసగా పదుల పట్లు కనిపిస్తాయి. చెట్టు మీద కూడా ఒంటరిగా ఉండాలనేమీ లేదు. ఒకే చెట్టు మీద వంద దాటిన సందర్భాలు దక్షిణాదిన ఉన్నాయి.

ఈ లక్షణాలు మళ్లీ ఒకసారి చదివి మీ బిల్డింగును చూడండి. ఎత్తు, ముందుకొచ్చిన సజ్జ, అడుగున నున్నటి గట్టి సిమెంటు, ముందంతా ఖాళీ, పక్కన ఎవరిదో స్విమ్మింగ్ పూల్. ఆ ఈగ దృష్టిలో మీది అపార్ట్‌మెంట్ కాదు, మంచి కొండ చరియ. అది దారి తప్పి రాలేదు. పైగా హైదరాబాద్ అడవి కాకపోయినా రాళ్ల ఊరే. ఖాజాగూడ, గచ్చిబౌలి వైపు గ్రానైట్ గుట్టలు పేల్చి, తొలిచి, అదే చోట అంతకంటే ఎత్తయిన కాంక్రీటు గుట్టలు కట్టాం. వాటర్ ట్యాంకులు, ఫ్లైఓవర్ల అడుగు భాగాలు, ఆసుపత్రి బ్లాకులు, కాలేజీ హాస్టళ్లు ఇవన్నీ దానికి లెక్కలోకొస్తాయి. "అడవి నరికితే ఊళ్లోకొచ్చాయి" అనే మాట చాలామంది అంటారు. కొంత నిజమే గానీ పూర్తిగా కాదు. తిండి లేకపోతే ఎత్తయిన గోడ ఉన్నా అవి ఆగవు. మన నగరంలో రోడ్ల పక్కన కానుగ, వేప, తురాయి, పెల్టోఫోరం, పార్కుల్లో నేరేడు, చుట్టూ యూకలిప్టస్, ఇంటింటికీ ఏదో ఒక పూలచెట్టు. నీళ్లు పోసి పెంచుతాం కాబట్టి బయట ఎండిపోయినప్పుడు కూడా ఇక్కడ ఏదో ఒకటి పూస్తుంటుంది. అడవిలో తిండి దొరకని నెలల్లో నగరం ఒక మజిలీ అవుతోంది.

మజిలీ అన్న మాట ఊరికే వాడలేదు. ఈ ఈగ గురించి నాకు బాగా ఆసక్తిగా ఉండే విషయం వలస. ఇది ఏడాదంతా ఒకచోట ఉండదు. పూత మొదలైనప్పుడు వచ్చి పట్టు పెడుతుంది, కొన్ని నెలలుంటుంది, పూత అయిపోగానే తేనె తాగేసి, పిల్లలు బయటికొచ్చాక ఖాళీ తుట్టెను వదిలేసి పోతుంది. నూరు కిలోమీటర్లు, ఇంకా ఎక్కువ దూరం కూడా వెళ్లగలదు. దారిలో చెట్ల కొమ్మలకు గుత్తిలా వేలాడుతూ కొన్నాళ్లు బస చేస్తుంది, అప్పుడు తుట్టె కట్టదు. మన తెలంగాణ, రాయలసీమ ఊళ్లలో సాధారణంగా వానలు వెనకబట్టాక, అక్టోబర్ నవంబర్ల నుంచి రావడం మొదలవుతుంది. మోదుగ, బూరుగ, కానుగ, వేప, ఇప్ప, చింత వరసగా పూస్తున్నంతకాలం ఉంటుంది. ఎండలు ముదిరి పూత తగ్గాక, వానలు పడేలోపు చాలావరకు కదిలిపోతాయి. ఇది పంచాంగం కాదు, ఊరును బట్టి, ఆ ఏడాది వానను బట్టి మారుతుంది.

విచిత్రం ఏమిటంటే మరుసటి ఏడు మళ్లీ అదే కొమ్మకు, అదే సన్‌షేడ్‌కు వస్తాయి. కూలి ఈగ బతికేది కొన్ని వారాలు, మహా అయితే రెండు మూడు నెలలు. కిందటేడు ఇక్కడున్న కూలి ఈగల్లో ఒక్కటీ ఈ ఏడు వచ్చే గుంపులో మిగలదు. మరి దారి గుర్తున్నది ఎవరికి? అస్సాంలో పట్ల నుంచి ఈగల్ని తీసి జన్యు పరీక్షలు చేసి 2000లో శాస్త్రవేత్తలు చెప్పినదేమంటే, తిరిగొచ్చిన గుంపుల్లో పాత రాణులే ఉన్నాయి. చోటు ఎంచడంలో, దారి చూపడంలో ముందుండేది రాణి కాదు, కూలి ఈగలే కదా అన్న చిక్కు అలాగే ఉంది. పాత తుట్టె మిగిల్చిన మైనం వాసన కొంత సాయం చేస్తుందేమో. మీకు దీని ఉపయోగం ఏమిటంటే, ఈ ఏడు చంపేసినా సమస్య తీరదు, ఆ సన్‌షేడ్ నచ్చే ఇంకో గుంపు వస్తుంది.

మీ బాల్కనీ నుంచి కనిపించే మరికొన్ని సంగతులు కూడా చెప్పాలి, ఎందుకంటే భయం సగం తెలియకపోవడం వల్లే. పట్టు మీద నీటిలో రాయి పడితే వచ్చే వలయంలా ఒక మెరుపు అల ఉన్నట్టుండి పాకి మాయమవుతుంది, చూశారా? ఈగలు వరసగా పొట్టలు పైకెత్తి దించుతాయి, పక్కది చూసి పక్కది, అంతా సెకనులోపే. ఆస్ట్రియాలోని గ్రాట్స్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు నేపాల్‌లో వీడియోలు తీసి 2008లో ప్రచురించిన పరిశోధనలో దీని పని తేల్చారు. పెద్ద కందిరీగ దగ్గరికొచ్చినప్పుడు ఈ అల దాన్ని తికమకపెట్టి దూరంగా తరుముతుంది. అంటే ఆ అల మీ మీదికి దాడికి సిద్ధమవుతున్న గుర్తు కాదు, ఇంట్లో కూర్చునే బెదిరించే పద్ధతి. కందిరీగే కాదు, పక్షి నీడ పడినా, మీరు గబుక్కున కదిలినా రావచ్చు. అల కనిపిస్తే వెనక్కి తగ్గండి, అంతే.

కింద పార్క్ చేసిన కార్ల మీద, ఆరేసిన బట్టల మీద పసుపు చుక్కలు పడుతున్నాయని, "ఏదైనా కెమికలా" అని మీ పక్క ఫ్లాట్ వాళ్ల అనుమానం అన్నారు. అది ఈగల రెట్ట. వేల ఈగలు ఒక్కసారిగా లేచి, కొన్ని నిమిషాలు తిరిగి, పుప్పొడితో నిండిన మలం వదిలి వచ్చేస్తాయి. ఒంట్లో బరువు, వేడి తగ్గించుకోవడానికి ఇది పనికొస్తుందని చెబుతారు. ఈ చుక్కలు ఒకప్పుడు అంతర్జాతీయ గొడవే తెచ్చాయి. 1981లో అమెరికా విదేశాంగ మంత్రి అలెగ్జాండర్ హేగ్, లావోస్, కంబోడియాల్లో సోవియట్ పక్షం విషం చల్లుతోందని ఆరోపించారు. "పసుపు వాన" అని పేరు. తర్వాత హార్వర్డ్‌కు చెందిన మాథ్యూ మెసెల్సన్, తేనెటీగల శాస్త్రవేత్త థామస్ సీలీ ఆ నమూనాల్లో పుప్పొడి ఉందని, థాయ్‌లాండ్ అడవుల్లో ఈ ఈగల గుంపులు అలాంటి వానే కురిపిస్తాయని చూపించారు. మీ పక్కింటాయనకు ఈ కథ చెప్పండి. తడిబట్టతో అప్పుడే తుడిస్తే పోతుంది, ఎండితే మరక ఉంటుంది, కారు కవర్ వేసుకోవడం మేలు.

రాత్రిళ్లు ఈగలు ట్యూబ్‌లైటు దగ్గరికొచ్చి పడటం ఇంకో ఫిర్యాదు. కొండతేనెటీగ వెన్నెల రాత్రుల్లో కూడా పూలకు వెళ్తుంది, తేనెటీగల్లో ఇది అరుదు. అందుకే దానికి మన లైటు వల్ల ఇబ్బంది. పట్టుకు ఎదురుగా ఉన్న బాల్కనీ లైటు ఆపేయండి, లేదా మందపాటి పరదా వేయండి. ఇంత చిన్న పనితో సగం టెన్షన్ తగ్గుతుంది. పడిపోయిన ఈగల్ని చెప్పుల్లేకుండా తొక్కకండి. ఓపిక అయిపోయి నేల మీద పాకుతున్న ఈగ కూడా కుట్టగలదు.

కుట్టడం సంగతి దాచను. మన నాలుగింటిలో ఇదే ప్రమాదకరమైనది. ఒక్క ఈగ కుట్టుకంటే గుంపుగా, దూరం వరకు వెంటబడటం దీని బలం. కుట్టినప్పుడు ముల్లు చర్మంలో ఉండిపోతుంది, దానితోపాటు అరటిపండు వాసనలాంటి హెచ్చరిక వాసన వదులుతుంది, అది పీల్చిన మిగతావి అదే చోటికొస్తాయి. రెచ్చగొట్టేవి ఎప్పుడూ దాదాపు ఒకటే: రాయి, టపాసులు, పొగ, తాడు మీద వేలాడుతూ పెయింట్ వేసేవాళ్లు, దగ్గరికి ఎగరేసిన డ్రోన్ కెమెరా. మనుషులు కాకుండా తేనె గద్ద కూడా. అది పట్టును తన్ని తుట్టె ముక్క ఎత్తుకుపోతే, కోపం కింద నడిచేవాళ్ల మీద తీరుతుంది. అలా జరిగితే చేతులు ఊపకుండా, ముఖం కప్పుకుని, నేరుగా పరిగెత్తి తలుపున్న గదిలోకో కారులోకో వెళ్లండి. నీళ్లలో దూకకండి, పైన తిరుగుతూనే ఉంటాయి. ముల్లును గోరుతో వెంటనే గీకి తీసేయండి, ఎలా తీశామన్నదానికంటే ఎంత త్వరగా తీశామన్నదే ముఖ్యం. పదుల సంఖ్యలో కుట్టినా, ఒక్కటే కుట్టి ఊపిరి ఆడకపోయినా, ఒళ్లంతా దద్దుర్లొచ్చినా, గొంతు వాచినా 108కి ఫోన్ చేయండి. ఇంటి వైద్యం ప్రయత్నిస్తూ కూర్చోవద్దు.

ఇక పెస్ట్ కంట్రోల్. పగలు మందు కొడితే చావని ఈగలు లేచి కింద వాకింగ్ చేసేవాళ్ల మీద పడతాయి. రాత్రి కొడితే తెల్లారి వేల ఈగల కళేబరాలు, రెండ్రోజులకు కరిగిన మైనం, కారే తేనె, దానికి చీమలు. ఆ తేనె విషం, ఎవరూ నాకకూడదు, కానీ చుట్టుపక్కల వేరే పట్ల ఈగలు వచ్చి దోచుకుపోతాయి, అవీ చస్తాయి. కిరోసిన్ గుడ్డ కాగడాతో తగలబెట్టండని ఒకరు సలహా ఇచ్చారు. గాలికి ఆ నిప్పు ఏ కర్టెన్‌కు అంటుకుంటుందో తెలియని చోట, కాలుతున్న ఈగలు వెలుతురున్న కిటికీల వైపు ఎగిరే చోట, ఆ సలహా ఇచ్చినవాళ్లు మీ బిల్డింగులో ఉండరు కదా!

అయితే ఎప్పుడూ ముట్టుకోకూడదనే మొండితనం నాకు లేదు. స్కూలు గేటు మీద, ఆసుపత్రి ఎమర్జెన్సీ ద్వారం పైన, కర్రతో అందేంత కిందుగా పెడితే, లేదా ఆనుకుని ఉన్న ఇంట్లో ఈగ కాటుకు ప్రాణం మీదికొచ్చే అలర్జీ ఉన్నవాళ్లుంటే తీయించాలి. అప్పుడు కూడా చంపడం కాదు. తేనె తీయడంలో నిజంగా ఆరితేరినవాళ్లు చీకటి పడ్డాక, పచ్చాకు పొగతో ఈగల్ని పక్కకు తప్పించి తుట్టె కోస్తారు. గుంపు ఒకటి రెండ్రోజులు అక్కడే మూగి, తర్వాత లేచిపోతుంది. వాచ్‌మన్‌కు తెలిసినవాళ్లెవరో తాడు, బకెట్ పట్టుకుని వస్తే మాత్రం ఒప్పుకోకండి. మీది ఆరో అంతస్తు, కిటికీ నుంచి దూరం, పిల్లలు చేరలేని చోటు. నా లెక్కలో వదిలేయదగ్గ పట్టు.

తేనె గురించి కూడా రెండు మాటలు. ఈ తుట్టెలో తేనె పైభాగంలో, ఎక్కువగా ఒక పక్కకు ఉంటుంది. అక్కడ తుట్టె బాగా మందంగా ఉబ్బి ఉంటుంది. దాని కింద పుప్పొడి, ఆ కింద పిల్లలు. నల్లమలలో చెంచులు తీగలతో పేనిన తాళ్ల మీద చరియ అంచు నుంచి దిగి, కింద లోయ, పక్కన పొగ, చేతిలో కర్ర పట్టుకుని ఈ తేనె తీస్తారు. పైన తాడు పట్టుకునేది బావమరిదే అయ్యుండాలంటారు, చెల్లెలి మొగుడి ప్రాణం కాపాడటంలో వాడికున్న పట్టుదల ఇంకెవరికీ ఉండదని. విశాఖ కేంద్రంగా 1956లో మొదలైన గిరిజన సహకార సంస్థ, మన వంటింట్లో జీసీసీ తేనె సీసాగా తెలిసినది, కొనే అడవి తేనెలో ఈ ఈగ వాటా పెద్దది. మంచిగా తీసేవాళ్లు తేనె భాగం మాత్రం కోసి పిల్లల భాగం వదిలేస్తారు. ఈగలు దాన్నే సరిచేసుకుని మళ్లీ నింపుతాయి, అదే సీజన్‌లో ఇంకోసారి తీయొచ్చు. మొత్తం తుట్టె నరికి పిండితే ఒక్క సీసా ఎక్కువొస్తుంది, గుంపు పోతుంది, తేనెలో పిల్లల రసం కలిసి త్వరగా పులుస్తుంది. కొండతేనె మామూలుగానే పలచన, తేమ 20 శాతం దాటడం సాధారణం. పలచగా ఉందని కల్తీ అనుకోకూడదు, కానీ ఎక్కువకాలం నిల్వ ఉంచే ముందు ఆ సంగతి గుర్తుంచుకోవాలి. మీ సన్‌షేడ్ తేనె కోసం మాత్రం ఎవర్నీ ఎక్కించకండి. ఆ కాస్త తేనెకు ఆరంతస్తుల ప్రమాదం అవసరం లేదు.

తేనె పక్కన పెట్టినా ఈ ఈగ లేకపోతే జరిగే నష్టం పొలంలో కనిపిస్తుంది. పొద్దుతిరుగుడు తల నిండా గింజ పట్టడానికి, ఉల్లి విత్తనానికి, నువ్వులకు, పుచ్చ, దోస తీగలకు ఈగలు కావాలి. కొండతేనెటీగ ఒళ్లు పెద్దది, కిలోమీటర్ల దూరం వెళ్తుంది, పెట్టెలు అద్దెకు తెచ్చుకోలేని చిన్న రైతుకు ఇది ఉచితంగా పనిచేస్తుంది. అడవిలోనూ అంతే. శేషాచలం, కడప కొండల్లో తప్ప సహజంగా పెద్దగా దొరకని ఎర్రచందనం పూలకు వచ్చే తేనెటీగల్లో ఇదొకటి. ఆ చెట్టు దుంగ గురించి రోజూ పేపర్లో చదువుతాం, దాని కాయ కట్టించే ఈగ గురించి ఎవరూ రాయరు. పుట్టతేనెటీగకు ఏం జరిగిందో మన తరం చూసింది: 1990ల మొదట్లో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ వచ్చి దక్షిణాదిలో పెట్టెలకు పెట్టెలు ఖాళీ అయ్యాయి. కొండతేనెటీగకు అలాంటి ఒకే పెద్ద దెబ్బ తగలలేదు. పూత మీద పగటిపూట కొట్టే పురుగుమందు, తగలబెట్టడం, పట్లు పెట్టే పాత చెట్లను రోడ్డు వెడల్పు కోసం కొట్టేయడం, ఇవి మెల్లగా పనిచేస్తాయి. పొలమున్న చదువరులకు ఒక మనవి: పూత సమయంలో మందు తప్పదనుకుంటే సాయంత్రం పొద్దు వాలాక కొట్టండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది. పట్టున్న వైపు కిటికీలకు దోమతెర బిగించండి, ఆ వైపు లైట్లు తగ్గించండి, కింద నడకదారిని కొన్నాళ్లు పక్కకు మళ్లించి కాగితం అంటించండి, పెయింటింగ్, ఏసీ అవుట్‌డోర్ యూనిట్ రిపేర్ లాంటివి వాయిదా వేయించండి. అసోసియేషన్ వాళ్లకు "ఇవి పోతాయి" అని చెబితే నమ్మరు, "ఫలానా నెల దాకా ఆగుదాం, పోకపోతే తీయిద్దాం" అనండి, ఒప్పుకుంటారు. అవి పోయాక మాత్రం ఆలస్యం చేయొద్దు. ఖాళీ తుట్టెను, అతుకు దగ్గర మైనాన్ని గీకించి, సబ్బునీళ్లతో కడిగించి, ఆ సన్‌షేడ్ అడుగున సన్నటి వల బిగించండి. గీకడం ఒక్కటే చాలదు, వల తప్పనిసరి, లేకపోతే మళ్లీ వస్తాయి. వల వేసినా ఇంకో మూలకు వస్తాయేమో అంటే రావచ్చు. ఆ మూల ఎవరికీ ఇబ్బంది లేనిదైతే వాటికి వదిలేయండి.

టెర్రస్ మీద తేనెటీగలు ఉండాలన్న కోరిక నిజంగా ఉంటే పుట్టతేనెటీగతో మొదలుపెట్టండి. ముందు శిక్షణ తీసుకోండి, తర్వాత పెట్టె కొనండి. మీ జిల్లా ఉద్యానశాఖలోనో, కృషి విజ్ఞాన కేంద్రంలోనో అడిగితే శిక్షణ ఎప్పుడో చెబుతారు. లేదా కుట్టని తేనెటీగ, పిల్లలున్న ఇంటికి అదింకా నయం. తేనె చాలా తక్కువే వస్తుంది, చూసుకోవడానికి బాగుంటుంది.

ఈలోపు పట్టు పైఅంచు ఫొటో ఒకటి జూమ్ చేసి పెట్టండి, ఫ్లాష్ వేయొద్దు. ఈగల తెర పలచబడి, పైన ఖాళీ గదులు తెల్లగానో గోధుమరంగులోనో బయటపడుతుంటే అవి బయల్దేరడానికి సిద్ధమవుతున్నట్టు, రెండు మూడు వారాల మాట. తెర నిండుగా, కింద అంచు ఇంకా సాగుతూ ఉంటే ఈ పూత మొత్తం మీతోనే ఉంటాయి.